కొంగల బొమ్మ

కార్ఖానా బస్తీ, 1948 అక్టోబరు, ఆదివారం రాత్రి

చవకదే అయినా ముచ్చటపడి కొనుక్కున్న కొంగల బొమ్మను బావగారు ఇవాళ మేకు నుంచి తీసి నేల మీద పెట్టాడు. నా ఇంట్లో, నన్ను అడగకుండా!

“ఏందమ్మా గిది? దేవుడు గాదు, లీడర్ గాదు. కొంగలకు దండ ఏస్తవా?”

“దండ ఏసుడుకు గాదు, చూసుడుకు కొన్న.”

“పోలీస్ యాక్షన్ అయింది, జమానా మారింది. గోడ చూసే మనం ఎవరి దిక్కో గుర్తుపడ్తరు. జెర పైలం.”

వీధిలో నా గురించి ఏం కూస్తాడోనని భయం లేకపోలేదు. అయినా ఆయన గడప దాటగానే కొంగలను మళ్లీ తగిలించాను.

గోడ చూసి గుర్తుపడతారట! బావగారింట్లో దీపం పొగకు గోడంతా నల్లబడింది. కొత్త నాయకుడి చిన్న పటం చుట్టూ మాత్రం, మొన్నటిదాకా వేలాడిన నిజాం పెద్ద పటమంత మేర సున్నం ఇంకా తెల్లగా మెరుస్తోంది.