ఇంటికి మంచుకట్ట

సెప్టెంబర్ 12, బుధవారం

డార్లీన్ వచ్చింది. ఏటా ఈ నెలలో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్ శుభ్రం చేయడానికి మా ఆవిడ సైమా పిలిచేది. ఈసారి ఎవరూ పిలవలేదు. తనే వచ్చింది. నా క్యాలెండర్‌లో రాసుంది, మళ్ళీ పిలుపెందుకు అంది. సైమా పోయి ఐదు నెలలు. అప్పట్నుంచి నేను నేలమాళిగలోకి దిగలేదు.

ఆయిల్ ఫర్నేస్‌కి ముప్ఫై నాలుగేళ్ళు. డార్లీన్ చిన్న కెమెరా లోపలికి పంపి చూపించింది. మంట ఉండే అరకి పగులు. వెంట్రుక కన్నా కొంచెం లావు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు అంది. ఎర్ర ట్యాగ్ కట్టి స్విచ్ ఆపేసింది. ఇది నడిపావంటే పడుకున్నవాడివి పడుకున్నట్టే పోతావ్ పెద్దాయనా అంది.

నిజం రాయాలి. నాకది పెద్ద బెదిరింపులా అనిపించలేదు.

ఆ తర్వాత, రేపు గురువారమని గుర్తొచ్చింది.

సెప్టెంబర్ 13, గురువారం

వెనక గదిలో సైమా మగ్గం ఉంది. వాళ్ళ నాన్న పాత కొట్టం దూలాలతో చేసిచ్చింది. గురువారం గురువారం ముగ్గురు వస్తారు. సైమా చెల్లెలు ఐలి. చర్చిలో ఆర్గన్ వాయించే ఎల్సీ. ఎనభై ఆరేళ్ళ హిల్మా. పాత చొక్కాలు, దుప్పట్లు పీలికలు చేసి తివాచీలు నేస్తారు. సైమా ఉన్నప్పుడు నలుగురు. వాళ్ళు మానలేదు. నన్ను అడగనూ లేదు.

నేను ముందు గదిలో పేపర్ చదువుతాను. మగ్గం దెబ్బ గోడలోంచి వినిపిస్తుంది. వారంలో ఈ ఇంట్లో ఉండే చప్పుడు అదొక్కటే.

ఈరోజు కోట్లు వేసుకునే నేశారు. ఐలికి కీళ్ళవాతం. చలికి వేళ్ళు ముడుచుకుపోతాయి. నవంబర్ మొదటి గురువారానికల్లా ఇంట్లో వెచ్చదనం లేకపోతే మగ్గం విప్పి చర్చి హాల్‌కి పట్టుకుపోతాం బావా, అక్కడ రేడియేటర్లు కాలిపోతుంటాయి అంది. మామూలుగానే అంది.

సరే అన్నాను. ఇంకేదో అనాల్సింది.

సెప్టెంబర్ 17, సోమవారం

టౌన్‌లో షాపువాడు ఇంటి పేరు కూడా అడక్కుండా అన్నిట్లోకీ పెద్ద ఫర్నేస్ చూపించాడు. ఈ చలికి ఇంతకన్నా చిన్నది చాలదట. డార్లీన్‌కి ఫోన్ చేశాను. ఇంటిని కొలవకుండా ఫర్నేస్ అమ్మేవాడు కాలు చూడకుండా బూట్లు అమ్మేవాడే అంది. మరీ పెద్దదైతే గబుక్కున వేడెక్కి, గబుక్కున ఆగి, మళ్ళీ మొదలై, తన్నుకుని తన్నుకుని పాడైపోతుందట.

కొలవమంది.

ముప్ఫై ఎనిమిదేళ్ళు గనుల మ్యాపులు గీశాను. కొలవడమొక్కటే నాకొచ్చు.

సెప్టెంబర్ 19

గోడలు, కిటికీలు, అటక. సైమా గదిలో కిటికీ ఫ్రేమ్ అంగుళంలో పావు వంకర. ఇన్నేళ్ళూ తెలియదు. ఉదయం ఆరింటికి మొదలుపెట్టాను. తల ఎత్తేసరికి చీకటి. భోజనం మర్చిపోయాను. ఏప్రిల్ తర్వాత రోజు తెలియకుండా గడిచిపోవడం ఇదే మొదటిసారి.

సెప్టెంబర్ 27, గురువారం

డార్లీన్ లెక్క వేసింది. పాత ఫర్నేస్‌లో సగం సైజుది సరిపోతుంది. అదీ ముందు గాలి సందులు పూడిస్తేనే.

ఆడవాళ్ళ చెవిన పడింది. మగ్గం ఆగింది. హిల్మా దిండులోంచి ఈక పీకి దారానికి కట్టింది. కిటికీ కిటికీకీ పట్టుకు తిరిగింది. ఈక ఊగిన చోటల్లా ఒరేయ్ ఆర్విడ్, ఇక్కడ అని అరుపు. నాకు డెబ్బై మూడు. ఒరేయ్ అనేవాళ్ళు ఈవిడ తప్ప ఎవరూ మిగల్లేదు. సాయంత్రానికి కిటికీ సందులన్నిటా పీలికలు కూరారు. నా పాత పైజమా ఒకటి గుర్తుపట్టాను.

అక్టోబర్ 6, శనివారం

వేడి పైకి పోకుండా అటకలో కాగితపు పీచు ఊదించాం. మిషన్ అద్దెకి తెచ్చాను. పైన గొట్టం పట్టుకున్నది నేను. కింద మూటలు విప్పి మిషన్‌లో వేసింది ఎల్సీ. ఆర్గన్ తొక్కినట్టు తాళంలో వేయాలంది. తాళం తప్పి, మూత సరిగ్గా పడక, పీచంతా ఆవిడ మీదికే తిరిగొచ్చింది. నేను కిందికి దిగేసరికి కళ్ళజోడు తప్ప మనిషి కనిపించలేదు. గోధుమరంగు గుడ్లగూబలా ఉంది. అటక మెట్ల మీద కూర్చుని నవ్వాను. ఆపుకోవడం చేతకాలేదు. ఐలి తలుపు దగ్గర నిలబడి నా మొహమే చూస్తోంది.

తర్వాత అందరం పెరట్లో ఆవిరిగదికి, స్నానానికి. ముందు వాళ్ళు, తర్వాత నేను. శనివారం ఆవిరి స్నానం మావాళ్ళకి తప్పదు.

అక్టోబర్ 11, గురువారం

హీట్ పంపా, ప్రొపేన్ గ్యాస్ ఫర్నేసా. పదకొండు రోజులుగా పట్టికలు. హీట్ పంప్ కరెంటుతో బయటి గాలిలోంచి వేడి లాక్కొస్తుంది. మంచి వస్తువు. కానీ మైనస్ ఇరవై ఫారెన్‌హీట్‌లో ఈ పాత ఇంటికి తోడు ఇంకొకటి కావాలంటుంది డార్లీన్. ప్రొపేన్‌ది నూటికి తొంభై ఆరు వంతులు వేడి ఇంట్లోనే ఉంచుతుంది. పాతది మూడో వంతు చిమ్నీకి దానం చేసేది.

ఐలి పట్టికలు చూసింది. ఏం బావా, ఫర్నేస్ కొంటున్నావా, సంబంధాలు చూస్తున్నావా అంది.

హిల్మా, ఎల్సీ తలెత్తారు. అన్నాక తనకీ అర్థమైంది. చెంపలు ఎర్రబడ్డాయి. అప్పుడు హిల్మా, పొట్టిదీ తక్కువ తినేదీ చూసుకోరా అంది. ముందు నవ్వింది నేనే.

ప్రొపేన్‌కి చెప్పేశాను.

అక్టోబర్ 30, మంగళవారం

బిగించారు. ఫ్రిజ్ కన్నా చిన్నది. దీనికి చిమ్నీ అక్కర్లేదు. తూర్పు గోడలోంచి రెండు తెల్ల గొట్టాలు బయటికొస్తాయి. ఒకటి గాలి పీల్చడానికి, ఒకటి పొగ వదలడానికి. డార్లీన్ వాటిని నడుమెత్తున పెట్టింది. మన మంచుకి ఇదీ చాలదు, గొట్టాల నోటికి మంచు అడ్డం లేకుండా తవ్వుతూనే ఉండాలి అని మూడుసార్లు చెప్పింది. నెలకోసారి ఫిల్టర్. ఏడాదికోసారి తను.

గ్యాస్ అలారాలు మూడు పెట్టాను. నేలమాళిగలో, వెనక గదిలో, పడక దగ్గర. ఫిల్టర్ మార్చే తేదీలకీ గొట్టాలు తవ్వే రోజులకీ ఒక పట్టిక గీసి ఫ్రిజ్ మీద అంటించాను.

నవంబర్ 1, గురువారం

అరవై ఎనిమిది డిగ్రీలు. ఐలి స్వెటర్ విప్పింది. మగ్గం ఎక్కడికీ వెళ్ళలేదు.

అలారాలు చూసి, మూడెందుకు, పోలీస్ స్టేషన్ పెడుతున్నావా అంది ఎల్సీ.

నవంబర్ 22

థాంక్స్‌గివింగ్. ఐలి ఇంట్లో తిన్నాను. సైమా కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. తీసెయ్యలేదు కూడా.

డిసెంబర్ 4, మంగళవారం

సరస్సు మీంచి మూడు రోజులుగా మంచు. పక్కింట్లో అప్పుడే ఇంటి చుట్టూ మంచుకట్ట పోశారు. పునాది రాళ్ళ మీదుగా కిటికీ అంచు దాకా పోసి, పార వెనకతో కొట్టి చదును చేస్తే, గాలి ఇంట్లోకి దూరదు. నలభై ఒక్క ఏళ్ళు సైమా చేసింది. నన్ను ముట్టుకోనిచ్చేది కాదు. నీది గీతలా ఉంటుంది, కట్టలా ఉండదు అనేది.

ఈ ఏడు వద్దనుకున్నాను.

డిసెంబర్ 13, గురువారం. మధ్యాహ్నం

జరిగినది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఫిల్టర్ కోసం టౌన్‌కి వెళ్ళాను. దారి బాగాలేక మూడు గంటలు పట్టింది. తిరిగొచ్చేసరికి ఇంటి చుట్టూ మంచుకట్ట. నాలుగు వైపులా. కిటికీ అంచు దాకా. పార వెనకతో కొట్టి, అంచులు గుండ్రంగా తిప్పి, అచ్చం సైమా పోసినట్టు. వాకిట్లో మూడు పారలు వరసగా గుచ్చి ఉన్నాయి.

కారు దిగడానికి కొంచెం సేపు పట్టింది.

ఇల్లంతా చుట్టి వచ్చాను. తూర్పు గోడ కూడా చూశాను. ఎంత నున్నగా ఉందో అనుకున్నాను. ఫ్రిజ్ మీద పట్టిక అంటించినవాణ్ణి. అక్కడ రెండు తెల్ల గొట్టాలు లేవన్న సంగతి నా కంటికి ఆనలేదు. నా కళ్ళు వేరేదాన్ని చూస్తున్నాయి.

లోపల యాలకుల రొట్టె, కాఫీ. ముగ్గురూ బడి పిల్లల్లా నా మొహం వైపు. బాగుంది అన్నాను. అంతే వచ్చింది నోటికి. హిల్మా తల పట్టుకుని, కాఫీ పల్చగా పెట్టావ్ ఎల్సీ, తలనొప్పి వచ్చింది అంది. ఎల్సీ, వంగి మంచు తోడితే రాదా మరి అంది.

వెనక గదిలో కీచుమని నాలుగు కూతలు. ఆగి, మళ్ళీ నాలుగు.

పొయ్యి గంట, రొట్టె అయినట్టుంది అంది హిల్మా. రొట్టె బల్ల మీద ఉంది.

అప్పుడు తెలిసింది, అలారం. తూర్పు గోడ. అంత గట్టిగా నేనెప్పుడూ అరవలేదు. బయటికి అన్నాను, కోట్లు వాళ్ళ భుజాల మీద వేశాను. హిల్మాని రెండు చేతులతో ఎత్తి తలుపు దాటించాను. ఐలి కాఫీ పాత్ర కోసం వెనక్కి తిరిగింది. కోటు కాలర్ పట్టుకుని లాగాను. కాలర్ ఊడి చేతికొచ్చింది.

ఆవిరిగది ఇంటికి ముప్ఫై అడుగుల అవతల. అందులోకి తోసి పొయ్యి వెలిగించాను. కట్టెలు, చిమ్నీ, తెలిసిన పొగ. ఫైర్ వాళ్ళకి ఫోన్ చేశాను.

వాళ్ళు రావడానికి ఇరవై నిమిషాలు. నలుగురం కోట్లతో బల్ల మీద ఒకళ్ళనొకళ్ళు ఒరుసుకుని. హిల్మా కీర్తన అందుకుంది. చావు కీర్తన ఎందుకే, మనం చావలేదుగా అంది ఎల్సీ, శ్రుతి కూడా తప్పు. ఐలి నా చేతిలోని కాలర్ తీసుకుని, కొత్త కోటు బావా ఇది అని, ఏడుపో నవ్వో తెలియకుండా మొదలుపెట్టింది.

ఫైర్ వాళ్ళ మీటర్ ఇంట్లో ఆ గ్యాస్ పది లక్షల వంతులకి నూట నలభై చూపించింది. హిల్మాకి ఆక్సిజన్ పెట్టారు. తలనొప్పి తగ్గింది. మాస్క్ తీయగానే, కాఫీ ఇంకా పల్చనే అంది.

డార్లీన్ వచ్చి గోడ తవ్వించింది. ఎగిరొచ్చిన మంచులో తెల్ల గొట్టాలు వాళ్ళకి కనిపించలేదట. పూర్తిగా మూసుకుపోయి ఉంటే ఫర్నేస్ తనే ఆగేది. పైన గట్టిపడ్డా గొట్టాల దగ్గర మంచు వదులుగా ఉండి దానికి ఊపిరి ఆడింది. పొగ మాత్రం గోడ వెంట పాకి, ఎవరూ పూడ్చని నేలమాళిగ కిటికీ సందులోంచి లోపలికి వచ్చింది. నలుగుర్నీ నిలబెట్టి తిట్టింది. నన్ను ఎక్కువసేపు.

డిసెంబర్ 15, శనివారం

నేలమాళిగ కిటికీ పూడ్చాను. డార్లీన్ గొట్టాలకి వంపు ముక్కలు వేసి ఇంకో మూడడుగులు పైకి లేపింది. ఫర్నేస్ పరీక్షించింది. అలారాలు మూడూ నొక్కి చూశాను.

డిసెంబర్ 18, మంగళవారం

ఐలి ఫోన్. మేం నిన్ను చంపబోయాం బావా, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేం అంది. మగ్గం చర్చి హాల్‌కి మారుద్దామట. పండగలయ్యాక మనుషుల్ని పంపుతుందట. హిల్మా రెండు రోజులుగా తిండి మానేసిందట.

చూడకుండా తిరిగినవాణ్ణి నేను. ఆ మాట చెప్పాల్సింది. సరే అన్నాను. మళ్ళీ సరే.

డిసెంబర్ 20, గురువారం

అరవై ఎనిమిది డిగ్రీలు. ఎవరి కోసం?

డిసెంబర్ 21, శుక్రవారం

పొద్దున్నుంచీ గీశాను. ఇంటి ప్లాన్, ఒక అంగుళానికి నాలుగడుగులు. ఉత్తరం, పడమర గోడలకు నీలి రంగు. కట్ట కిటికీ దాకా పోయవచ్చు. దక్షిణాన సగం. తూర్పున గొట్టాలకి అటూ ఇటూ ఆరడుగులు ఎరుపు. ఒక్క పార కూడా పడకూడదు. మూలలో బాణం, ఉత్తరం ఎటో. కింద రాశాను: కట్ట పోసే పని గురువారం వాళ్ళది.

ఐలి ఇంటికి తీసుకెళ్ళాను. మిగతా ఇద్దరూ అక్కడే ఉన్నారు. పరిచాను. ముగ్గురూ వంగి చూశారు.

అప్పుడు చెప్పాను. తూర్పు గోడ చూసీ చూడనివాణ్ణి నేనే అన్నాను. ఆ మగ్గం చప్పుడు లేకపోతే ఆ ఇంటిని వెచ్చగా ఉంచడానికి నాకు కారణం లేదు అన్నాను.

ఐలి కళ్ళు తుడుచుకుంది. నాలుగు మాటలు అనడానికి ఇంత కాగితమా బావా అంది.

హిల్మా ఎర్ర గీత మీద వేలు పెట్టి, ఇది నా వంతు, ఇక్కడ తవ్వేది నేను అంది. ఎనభై ఆరేళ్ళు. తర్వాత, తినడానికేమైనా ఉందా ఐలీ అంది.

జనవరి 3, గురువారం

ముగ్గురు. పాత కట్ట తీసి ప్లాన్ ప్రకారం మళ్ళీ పోశారు. గొట్టాలు తవ్వడానికి వారానికో వంతు, పేర్లు నా పట్టిక పక్కన అంటించారు. నా పేరు కూడా ఉంది. ఎల్సీ స్వెటర్ విప్పింది. మధ్యాహ్నం నాకు పీలిక చుట్టిన నాడె ఇచ్చి మగ్గం ముందు కూర్చోబెట్టారు. నాలుగు వరసలు నేశాను. హిల్మా మూడు విప్పేసింది.

జనవరి 24

ఫిల్టర్ మార్చాను. తేదీ రాశాను. మైనస్ పంతొమ్మిది. ఫర్నేస్ తొందరపడకుండా సన్నగా నడుస్తోంది.

ఫిబ్రవరి 5, మంగళవారం

రాత్రి రెండడుగుల మంచు. ఈ వారం వంతు నాది. ఏడింటికి పార తీసుకుని వెళ్ళాను. ఎవరో అప్పటికే తవ్వేశారు. గొట్టంలోంచి తెల్లటి ఆవిరి. మంచులో మూడు జతల అడుగులు, గొట్టాల దాకా వచ్చి, వెనక తలుపు వైపు తిరిగాయి.

లోపల మగ్గం దెబ్బ. ఈరోజు గురువారం కాదు.