నాయనను ఇంటికి తెస్తున్నాను

జైపాల్, డ్యూటీ నుంచి రాగానే కిటికీ పక్కన నాయన మంచం వెయ్యి. నల్లకుంట నుంచి ఆక్సిజన్ సిలిండర్ తెస్తారు, లోపల పెట్టించు.

వెంటిలేటర్ వద్దని డాక్టరుకు చెప్పేశాను. పెట్టినా ఇక కోలుకోడన్నారు. నిన్న నిన్నడిగితే బయటికి వెళ్లిపోయావు. ఆ మాట నేనొక్కదాన్నే అనాల్సి వచ్చింది.

పొద్దున నాయన వార్డు పైకప్పు వైపే చూస్తూ, "బిడ్డా, అశోక్‌నగర్‌ల గీ స్లాబు మీ అమ్మ, నేను పోసినం. ఎండ ముదరకముందే జర తడుపున్రి" అన్నాడు. ముఖమంతా వెలుగు.

"తడుపుతం నాయనా. ఇంటికి పోదాం పా" అన్నాను.

సరేనన్నాడు. అప్పుడే డాక్టరు గదికి వెళ్లాను. ఇప్పుడు ఆయన్ని తీసుకురావడానికి మళ్లీ ఆసుపత్రికి బయలుదేరుతున్నాను.

అక్క స్వర్ణ

అమ్మ ఏదని అడుగుతాడు. చనిపోయిందని గుర్తుచెయ్యకు. పనికాడ ఉంది, వస్తది అను.