రేవులో బట్టలుతికే బండ

మే 19

మా ఆవిడ సుగుణ నిన్న పోయింది. పొద్దున సగం కాఫీ తాగింది. పది గంటలకు నోటుపుస్తకం అడిగింది — 'బాహుదా ఒడ్డున ఊళ్ళు', ఆరేళ్ళుగా రాస్తున్నది. కాణిపాకం వచ్చినవాళ్ళు దణ్ణం పెట్టుకుని తిరిగి వెళ్ళిపోతారు, ఏటి వెంట ఇంత చరిత్ర ఉందని వాళ్ళకెవరూ చెప్పరని ఆమె బాధ. చివరి పేజీ తెరిచి మళ్ళీ మా రేవులో బండ మాటే. "దాని అడుగున అక్షరాలుండాయి. నా చేతికి తగిలినాయి. మీరూ ఒకసారి చెయ్యి పెట్టి చూడండి." సరేనన్నాను. ఎప్పుడూ అనే సరే. మూడున్నరకు ఊపిరి ఆగింది.

మే 20

ఇంటినిండా జనం. నోటుపుస్తకం బీరువాలో పెట్టాను.

మే 27

పదో రోజు. ఏట్లో కర్మ. పోయినవాళ్ళ చీర ఆ బండ మీదే తడిపి పిండాలి, మా ఊరి ఆచారం. నేనే పిండాను. కొంగు జారి బండ కిందికి పోయింది. తీయబోతే వేళ్ళకు తగిలాయి... గాట్లు. వరసగా, ఒక వరస కింద ఇంకో వరస.

ఆరేళ్ళు. చెయ్యి పెట్టడానికి ఎంతసేపు?

మే 28

రేవుకు కొత్త మెట్లు కడుతున్నారు. ఎల్లుండి కాంక్రీటు. బండ అందులో పూడిపోతుంది. వెళ్ళి, దాని అడుగున అక్షరాలున్నాయని చెప్పాను. పక్కింటి రాజమ్మ బట్టలు బాదుతూనే — "ముప్పై ఏండ్లుగా ఉతకతా ఉండా సారూ, ఒక్క అక్షరమన్నా నా చీరకు అంటలే!" అందరూ నవ్వారు.

మేస్త్రి మునెప్ప నవ్వలేదు, విసుక్కున్నాడు. "దాన్ని తిరగేయాలంటే జేసీబీ గావల్ల సారూ. యాడ తెచ్చేది?"

"చెయ్యి పెట్టి చూడప్పా," అన్నాను. ఆమె మాటే.

వంగాడు. బండ కింద వేళ్ళు పెట్టి వరసంతా తడిమాడు. లేచి ఫోను తీశాడు.

మే 29

తిరిగింది!

జేసీబీ రెండుసార్లు జారింది, మూడోసారి లేచింది. బట్టల బ్రష్షుతో రాజమ్మే బురద తోమింది. పాత అరవం అక్షరాలు, పద్నాలుగు వరసలు. "అయ్యో సారూ! మా అత్త, నేను, మా కోడలు... అందరం దీని నెత్తినే బాదినామే!" ఏడుస్తోంది, నవ్వుతోంది. ఎవరో ఈల వేశారు. సాయంత్రానికి కాణిపాకం దోవన పోయే కార్లు ఆగడం మొదలైంది.

నిజం, సుగుణా.

జూన్ 4

శాసనాలు చదివే పెద్దాయన తిరుపతి నుంచి వచ్చారు. ఏటి నుంచి కాలవ తవ్వించి ఊరికిచ్చిన రాత అట. ఇచ్చిందెవరు? ఆ పేరున్న చోటే రాయి విరిగిపోయి ఉంది. సుగుణ ఈ బండ గురించి రాసిందని చెప్పాను; ఆ పేజీ చూపించమంటే నోటుపుస్తకం ఇచ్చాను. చదివి, "ఈమె ఎక్కడ?" అన్నారు. చెప్పాను.

మెట్లు నాలుగడుగులు పక్కకు జరిగాయి. బండ గట్టు మీద నిలబడింది. బోర్డు మీద 'కనుగొన్నది: సుగుణ' అని మునెప్పే రాయించాడు. నన్ను అడగలేదు.

జూన్ 5

నోటుపుస్తకం అచ్చుకివ్వాలి. చివరి పేజీలో, ఆ రాత రాయించినవాళ్ళ పేరు కోసం ఆమె చోటు వదిలింది.

ఇప్పుడే రాజమ్మ గోడ మీదుగా — "సారూ, ఏటికవతల మా పుట్టింట్లో ఎద్దుల తొట్టి కింద ఇట్లాంటి బండే ఉండాది. ఒక పక్క విరిగినాది. మా నాయన ఈ ఏట్లో నుంచే బండికేసి తోలకపోయినాడంట."

అదే కావచ్చు. కాకపోవచ్చు.

రేపు పొద్దున ఏరు దాటి వెళ్తాను. తొట్టి కింద చెయ్యి పెట్టి చూస్తాను.