కొత్త పండగలో నా ఆకు

ఆదివారం, రాత్రి

నొప్పి కాస్త తగ్గింది. కోపం తగ్గలేదు.

ఇవాళ మా ఊళ్లో చిక్కుడు కొత్త పండగ. కొత్త పంట అమ్మోరికి పెట్టి, ఊరంతా ఒకచోట కూర్చుని తినాలి. లావు తగ్గడానికి విశాఖలో నా పొట్ట కోసి చిన్నది చేసి రెండు నెలలు కాలేదు. నాలుగు చెంచాలకే నిండిపోయింది. అడ్డాకు విస్తరిలో అన్నం అలాగే ఉంది.

"ఏటే గుంటా, ఒగ్గేత్తన్నావు? అమ్మోరికి కోపమొత్తాది," అంది పెద్దమ్మ.

నిరుడు ఇదే పండగకి ఇదే నోరు, "ఊరి కూడంతా నువ్వే తినేత్తావేటే, మాకూ ఉంచు," అని అందరినీ నవ్వించింది. తిన్నా తప్పే, మానేసినా తప్పే.

పెద్దమ్మ మాటకి నేను లొంగను. కానీ అమ్మ తల దించుకుని, "రెండు ముద్దలేనే, బేగి తినీమ్మా," అంది. తినేశాను. తర్వాత కాఫీ తోటలోకి పరిగెత్తి కక్కుకున్నాను. లోపల కుట్లు తెగాయేమోనని భయమేసింది. ఆసుపత్రి నర్సమ్మకి ఫోన్ చేస్తే తిట్టి, నొప్పి పెరిగితే వెంటనే కొండ దిగి రమ్మంది. ఈ వేళప్పుడు జీపులెక్కడుంటాయి?

అందం కోసం కోయించుకున్నానా? మోకాళ్లు పట్టేసి, తోటలో గట్టు ఎక్కలేక, పని పోయేలా ఉంటే కదా. అది ఒక్కరూ అడగరు.

అమ్మ పక్కనే పడుకుంది. నిద్రపోలేదు. "నొప్పుందేటే?" అని మళ్లీ అడిగింది. లేదన్నాను.

రేపు పెద్దమ్మ ఇంట్లో భోజనం. వెళ్తాను. పట్టినంత తిని లేచిపోతాను. ఎవరేమన్నా సరే. అమ్మ మళ్లీ తల దించుకుని రెండు ముద్దలేనే అంటే మాత్రం ఏం చేస్తానో...