అద్దాల లంగా

మెదక్, శనివారం రాత్రి

దీక్షా శిబిరంలో మా సంస్థ సార్ ఇవాళ కూడా మైకు పట్టుకుని, తెలంగాణ వస్తే మన అడవి మనకే అన్నాడు. తర్వాత ఆఫీసుకు వచ్చి నన్ను పిలిచాడు.

"రేపు అడవి సూడనీకి హైదరాబాద్ కెల్లి పెద్దోళ్లు వస్తుండ్రు. నువ్వు మీ తండా అద్దాల లంగ కట్టుకొని రా."

ఇన్నాళ్లూ సంస్థ తరఫున చుడీదార్‌లోనే మొక్కలు నాటించాను, మీటింగులు పెట్టాను. ఎప్పుడూ లేనిది ఇప్పుడెందుకు?

"నేను మాట్లాడాల్నా సార్?"

"నువ్వు ముందట నిలబడు, చాలు. మాట్లాడేది నేను జూస్కుంట."

పోయినసారి పెద్దవాళ్లు వచ్చినప్పుడు కూడా ముందు నిలబెట్టి ఫొటో తీశారు. భోజనాల దగ్గర మాత్రం నన్ను వడ్డించమన్నారు.

ఇంటికొచ్చి అమ్మను లంగా అడిగాను.

"మొన్న గీ లంగ జూసే గదా, కట్టెలకు పోతుంటే ఫారెస్టు వాచర్ నన్ను అడవి గేటుకాడ ఆపిండు. రేపు నిన్నెట్ల పోనిస్తడు?" అంది.

ఆ సంగతి సార్‌కు తెలియదా? తెలిసే అడిగాడా?

రేపు నేను చుడీదార్‌లోనే వెళ్తాను. నా వెంట అమ్మ వస్తుంది, ఆ లంగాలోనే. పెద్దవాళ్లు చూస్తుంటారు కాబట్టి వాచర్ నవ్వుతూ గేటు తీస్తాడు.

నా అనుమానమంతా ఎల్లుండి గురించే.