నేలకింది రైలూ అన్న ఇత్తడి బిళ్ళా

లండన్,
మంగళవారం

చెన్నూరులో ఉన్న మా వదినకు, నీ ఆడబిడ్డ లచ్చి కాళ్లకు మొక్కి రాసేది.

నేను ఇక్కడ బాగానే ఉన్నాను. మీరంతా బాగున్నారని నమ్ముతున్నాను. బాపు దగ్గు తగ్గిందా? అవ్వ మోకాళ్లకు నేను చెప్పిన నూనె రాస్తున్నారా? బర్రె ఈనిందా, ఇంకా సతాయిస్తోందా? ఈ ఉత్తరం పంతులు చేత చదివించకు వదినా. అంత ఓపికగా నీకు నేను అక్షరాలు నేర్పింది ఎందుకు? తలుపు దగ్గరికేసుకుని, కూడబలుక్కుంటూ అయినా నువ్వే చదువు.

ఆసుపత్రిలో పని ఎప్పటిలాగే ఉంది. చలి మాత్రం చెప్పలేను. నీళ్లు ముట్టుకుంటే వేళ్లు కొంకర్లు పోతాయి. తిండి అంటే ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన ఆలుగడ్డ. పుంటికూర తొక్కు కలలోకి వస్తోంది. ఫికర్ చేయకండి, తింటున్నాను, బాగానే ఉన్నాను.

నువ్వు పోయిన ఉత్తరంలో రాశావు కదా, "మీ అన్నతోటి గనిల పనిచేసిన మల్లేశం గూడ గాడికే వచ్చిండట లచ్చీ, జర కలువు. మీ అన్న ఏడున్నడో ఆయనకు ఎరుకే ఉంటది" అని. కలిశాను వదినా. అదే రాయబోతున్నాను.

నీకు తెలిసిందే, కానీ మళ్లీ రాసుకోకుంటే నా మనసు ఊరుకోదు. గనిలోకి దిగేవాడు దీపాల గదిలో తన నంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. మేకుకు బిళ్ళ వేలాడుతోందంటే మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. గనిలో నీళ్లు విరుచుకుపడ్డ రోజు ఆ మేకులకు ఓదెలన్న బిళ్ళ లేదు. అందుకే అన్న దిగలేదన్నాం. ఆ రోజే బాపుతో పోట్లాడాడు కాబట్టి బొంబాయి పోయాడన్నాం. "నా గడప తొక్కకు" అన్నందుకు బాపు అయిదేళ్లుగా సరిగ్గా అన్నం తినలేదు. వాడవాళ్లు నిన్ను తక్కువ అన్నారా? "పెండ్లం మంచిదైతే మొగోడు ఇల్లు ఇడుస్తడా?" అన్న నోళ్లు నాకు ఒక్కొక్కటీ గుర్తున్నాయి.

మొన్న ఆదివారం ఇక్కడి తెలుగువాళ్లంతా ఒక హాలులో కలిశారు. గనివాళ్లు శిక్షణకు పంపిన మల్లేశం కూడా వస్తాడని, మర్నాడే ఓడ ఎక్కుతాడని తెలిసింది. ఆ పూట తప్పితే మళ్లీ దొరకడు. బయటికి వచ్చి చూస్తే పట్టపగలే చేయి చాపితే వేళ్లు కనిపించనంత పొగమంచు. బస్సులు ఆగిపోయాయి. ఇక మిగిలింది నేలకింది రైలే.

ఏడాదిగా నేను ఆ రైలు ఎక్కలేదు వదినా. తోటి నర్సులు నవ్వేవాళ్లు. గనిలో నీళ్లు పడ్డ రోజు నుంచి నేల లోపలికి దిగనని ఒట్టు పెట్టుకున్నదాన్ని, ఎవరికేం చెప్పను! ఆ రోజు టికెట్ కొన్నాను. గేటు దగ్గర మనిషి దానికి చిల్లు కొట్టి తిరిగి ఇచ్చాడు. దాన్ని గుప్పిట్లో బిగించి మెట్లెక్కాను. ఎక్కడం కాదు, నిలబడితే అవే కిందికి దిగిపోతాయి. దిగుతున్నకొద్దీ కింది నుంచి వెచ్చటి గాలి ముఖానికి కొట్టింది. అందులో ఇనుము, మట్టి, చెమట వాసన. అన్న గని బట్టలు నువ్వు బావి దగ్గర నానబెట్టినప్పుడు వచ్చే వాసన. వెనక్కి తిరగబోయాను, కానీ జనం తోసుకుంటూ వస్తుంటే నడిచాను.

అటువైపు ప్లాట్‌ఫారం మీద అన్న నిలబడి ఉన్నాడు.

నాకు పిచ్చి పట్టిందనుకోకు. ఎడమ భుజం కొంచెం దించి, మెడకు రుమాలు చుట్టుకుని, అచ్చం అలాగే. "ఓదెలన్నా!" అని అరిచాను. అందరూ నన్నే చూశారు, అతను చూడలేదు. అంతలో మధ్యలోకి రైలు వచ్చింది. నేను మెట్లెక్కి, దిగి, అటువైపుకు ఉరికి, తలుపులు మూసుకునేలోగా అదే రైల్లోకి దూకాను. పెట్టెంతా వెతికాను. ఆ మనిషి లేడు. కిటికీ అవతల చీకటి, నల్లటి అద్దంలో నా ముఖం, నా పక్కన ఖాళీ సీటు. అద్దంలో మాత్రం అది ఖాళీగా ఉన్నట్టు అనిపించలేదు. ఎదురుగా ఉన్న ముసలమ్మకు హాలు చిరునామా చూపిస్తే, అయ్యో, నువ్వు ఎదురుదిక్కుకు పోతున్నావంది. అప్పటికే నాలుగు స్టేషన్లు దాటాయి. దిగి, మళ్లీ వెనక్కి ఎక్కాను. మల్లేశం వెళ్లిపోతాడేమోనని స్టేషన్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

చివరికి దిగాల్సిన చోట దిగి పైకొచ్చాను. గేటు దగ్గర ఒక నల్లజాతి ముసలాయన టికెట్ తీసుకుని పక్కన పెట్టేశాడు. నేను చేయి చాపి నిలబడ్డాను. ఆయనకు అర్థం కాలేదు. ఇంత ఆలస్యమవుతున్నా నా కాళ్లు కదల్లేదు. గని మనుషుల ఇంట్లో పుట్టినదాన్ని కదా! కింద నుంచి వచ్చినవాళ్ల చేతికి బిళ్ళ తిరిగి రావాలి, రాకపోతే ఇంకా కిందే ఉన్నట్టు లెక్క. "నాది నాకియ్యండి" అన్నాను. వెనక జనం గొణుగుతున్నారు. నా కళ్ల నీళ్లు చూసి ఆయన మెల్లగా అన్నాడు: "నువ్వు చేరుకున్నావు తల్లీ. చేరుకున్నావు కాబట్టే తీసుకున్నాను." ఆ మాటకు కాళ్లు కదిలాయి.

హాలులో మల్లేశం కోటు వేసుకుని బయల్దేరుతున్నాడు. నన్ను చూడగానే ముఖం పాలిపోయింది. నేను అడగకముందే గోడవారగా కూర్చుండిపోయాడు.

"చెల్లే, ఆ పొద్దు నాకు సలిజరం. నాగా వడితే పేరు కొట్టేస్తరని ఏడుస్తున్న. అప్పుడే ఓదెలు మీ బాపుతోని లొల్లి వెట్టుకొని నా కాడికి వచ్చిండు. 'నీ బిళ్ళ ఇటియ్యి, నేను దిగుత, నువ్వు దుప్పటి కప్పుకొని పండు' అన్నడు. తన బిళ్ళ నా అంగి జేబుల ఏసిండు. 'షిఫ్టు అయినంక సక్కగ ఇంటికి పోత. మా ఇంటిది మంచె మీద ఒక్కతే మక్కచేను కావలి కాస్తున్నది. బాపు ఏదో కోపంల అన్నడు, కాళ్లు వట్టుకుంట' అన్నడు. పోయిండు. మల్ల రాలే."

మేకుకు వేలాడింది మల్లేశం బిళ్ళ. మల్లేశం బతికే కనిపించాడు కాబట్టి, గాభరాలో బిళ్ళ తీసుకోకుండా పైకొచ్చాడనుకున్నారు. నీళ్లలోంచి కొందరిని తీయనేలేదు. కింద ఉన్న అన్నను ఎవరూ లెక్కపెట్టలేదు వదినా.

"అయిదేండ్లు నోరెందుకు ఇప్పలే?" అన్నాను.

"భయమాయె చెల్లే. ఒగల బిళ్ళ మీద ఒగలు దిగుడు తప్పు. జైల్ల ఏస్తరనుకున్న. దినాలు గడిసినకొద్ది చెప్పుడు ఇంకింత కష్టమాయె."

చెంప మీద ఒక్కటి కొట్టాను. సిగ్గుపడటం లేదు. తర్వాత ఇద్దరం అక్కడే కూర్చుని ఏడ్చాం. అన్న బిళ్ళను అతను తాడు కట్టి మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. తీసి నాకివ్వబోయాడు. నేను తీసుకోలేదు. "నువ్వే పోయి మా వదిన చేతుల వెట్టు. గని ఆఫీసుకు పోయి ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాను. తలూపాడు. ఓడ చేరడానికి చాలా రోజులు పడుతుంది, ఈ ఉత్తరం విమానంలో ముందే వస్తుంది. అతను వచ్చినప్పుడు తిట్టు, కొట్టు, నీ ఇష్టం.

తిరిగి కింది రైల్లోనే వచ్చాను. అటువైపు ప్లాట్‌ఫారం వంక చాలాసేపు చూశాను. ఎవరూ లేరు.

అన్న నిన్ను విడిచిపోలేదు వదినా. ఇంటికే రాబోయాడు. ఈ మాట బాపుకు నువ్వే చెప్పు, కోపంలో అన్నదాన్ని కొడుకు మనసులో పెట్టుకోలేదని చెప్పు. ఆయనకూ అవ్వకూ నా దండాలు. నా గురించి పరేషాన్ కావద్దు, నేను బాగానే ఉన్నాను. నన్ను దీవించండి.

ఎప్పుడూ నీ పేరుకు ముందు రాసే సౌభాగ్యవతి అన్న మాట ఈ ఉత్తరం లోపల రాయడానికి చేయి రాలేదు. కవరు మీద మాత్రం రాశాను. పోస్టు మనిషి కంటే, వాడ కంటే ముందు ఆ సంగతి నీకే తెలియాలి.

నీ ఆడబిడ్డ,
లచ్చి