ఎర్ర ముక్క ఉన్న బొంత

పుష్య శుద్ధ విదియ, కొంటా

రేపు టీకాల పర్యటన. మందుపెట్టె, బియ్యం, మారు బట్టలు సర్దాను. తేలనిది పడక ఒక్కటే. గొంగడి బరువు, గరుకు, ఒకటే గొర్రె వాసన. అయినా మంచులో తడిసినా ఎంతో కొంత వెచ్చగానే ఉంటుంది. బొంత మెత్తన. కానీ తడిసిందా, ఆరదు. ఇంకొకరు అడిగితే గొంగడే పట్టుకెళ్లమంటాను.

బొంతే మూట కట్టాను. నా భార్య సుభద్ర కుట్టినది. కిందటి చలికాలం ఆమె పోయినప్పుడు అమ్మ పడకంతా పారేయించింది. "పోయినోళ్లది ఇంట్లో ఉంచకూడదురా..." ఇదొక్కటి దాచాను.

తదియ, మరైగూడ

బొంత మూట నేనే మోశాను. మిగతా సామానంతా లచ్చన్న కావడిలో. ఏటా నాతో వచ్చేది అతనే. దొర్ల తెగ మనిషి, మాట తక్కువ. పడుకునే చోట వరిగడ్డి మందంగా పరిచాడు. "కింద గడ్డి లేకుంటే పైన ఎన్ని కప్పినా దండగే అయ్యా."

చవితి

పొద్దున లేచేసరికి బొంత తిరగబడి ఉంది. ఎర్ర ముక్క కాళ్ల దగ్గర! తలవైపు గుర్తుకని సుభద్ర కుట్టిన ముక్క అది. కాళ్లవైపు అంచు మొహానికి తగిలితే ఊరుకునేది కాదు. నేనే నిద్రలో దొర్లి ఉంటాను.

పంచమి

పడుకునేటప్పుడు ఎర్ర ముక్క గడ్డం కింద పెట్టుకున్నాను. గట్టిగా పట్టుకునే పడుకున్నాను. లేచేసరికి మళ్లీ కాళ్ల దగ్గరే.

షష్ఠి

ఉండబట్టలేక లచ్చన్నకు చెప్పాను. బొంత ఎవరిదో కూడా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"గుంజుకుంటాంది అయ్యా. ఆమెకు చలి పెడ్తాంది."

వాళ్లలో పోయినవాళ్ల బట్ట ఊరి బయట నిలబెట్టిన రాళ్ల దగ్గర కడతారు. లేకపోతే చలికి తిరుగుతారట. "మీరు కట్టలే. ఇంకేం కప్పుకుంటది?"

కోపం వచ్చింది. అతని మీద కాదు. ఇన్నాళ్లూ నా చలి ఒక్కటే చూసుకున్నాను... సంవత్సరం నుంచి ఆమె చలిలో ఉందా?

అయినా ఇవ్వలేను. ఇస్తే నా దగ్గర ఆమెది ఇంకేమీ లేదు.

సప్తమి

వాగు దాటుతుంటే లచ్చన్న జారాడు. కావడితో సహా నీళ్లలోకి. మందుపెట్టె దక్కింది. అతని గొంగడి నానిపోయింది. సాయంత్రానికి జ్వరం, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఈ గుట్ట మీద ఇల్లు లేదు, కప్పడానికి మరొకటి లేదు.

బొంత ఇవ్వబోయాను. చేయి అడ్డం పెట్టాడు. "పోయినోళ్ల బట్ట నాకొద్దయ్యా." బతిమాలాను, తిట్టాను. వినడు. పిండిన గొంగడే చుట్టుకుని మంట పక్కన ముడుచుకున్నాడు. తెల్లారేదాకా ఉంటాడా? భయంగా ఉంది.

అష్టమి, పొద్దున

ఉన్నాడు. జ్వరం దిగింది.

బొంత అతని మీద ఉంది. ఎర్ర ముక్క సరిగ్గా గడ్డం కింద. కాళ్లవైపు అంచు పాదాల కిందికి మడిచి దోపి ఉంది. నాకు జ్వరం వస్తే సుభద్ర అలాగే దోపేది. నేనెప్పుడూ అలా దోపి ఎరగను.

నేను ఉత్త గడ్డిలో ఉన్నాను. లేచిన గుర్తు లేదు.

"మీరే కప్పిన్రు గదా అయ్యా?"

అవునన్నాను. అతను పాదాల వైపు చూసుకున్నాడు.

నవమి

దారిలో, లచ్చన్న చెప్పిన నిలువు రాళ్లు. ఎవరెవరివో పాత బట్టలు, గాలికి ఆడుతూ. లచ్చన్న కావడి దించాడు.

"కట్టుదాం అయ్యా. నేను గూడ కప్పుకున్న గదా, దండం పెడ్త."

"ఆమె మీ ఊరిది కాదు కదా లచ్చన్నా."

"ఏ ఊరైతే ఏంది? చలి ఒక్కటే."

నిజమే. తన చలి ఓర్చుకుని సుభద్ర అతనికి కప్పింది. నేను ఒక్క మూట విప్పలేకపోతున్నాను.

విప్పాను. ఎర్ర ముక్క చేతికి వెచ్చగా తగిలింది. ఇంత ఎండలో నడిచాం, అందుకే కావచ్చు... కాకపోవచ్చు.

ఇది రాస్తున్నంతసేపూ లచ్చన్న రాయి పక్కనే కూర్చుని ఉన్నాడు. తొందర పెట్టడు. ఎండ వాలుతోంది. బొంత నా ఒడిలోనే ఉంది.